పళ్ళవాళ్ళ సంబంధం

రక్తపరీక్షల ల్యాబులో అందరూ ఆయన్ని దోమ బాబాయి అనేవాళ్ళు. సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదని మెచ్చుకుంటూ పెట్టిన పేరది. ఆ పేరు మొదటిసారి చెవినబడ్డ రోజున మాత్రం ఆయన గుండె గుభేలుమంది. తమ సంగతి ఎవరికో తెలిసిపోయిందనుకుని ఇంటికొచ్చి పెట్టె సర్దేశాడు. "మీ చెయ్యి తేలికని అన్నార్లెండి, ఆ బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టండి," అని పెళ్ళాం కసిరాకే మళ్ళీ మామూలు మనిషయ్యాడు. మనిషి అని అలవాటుకొద్దీ అన్నాను గానీ, ఆయన మనిషి కాదు.

లోకం వాళ్ళకి పెట్టిన పేరు రక్తపిశాచులు. ఎంత మోటు మాటో చూడండి. అందులో రక్తం సంగతి నిజమే, కాదనడానికి లేదు. పిశాచం లక్షణాలు మాత్రం దోమ బాబాయిలో భూతద్దం పెట్టి వెతికినా దొరకవు. బస్సులో తన కాలు తొక్కినవాడికి తనే సారీ చెప్పే రకం. వాళ్ళలో వాళ్ళు ఆ మోటు మాట వాడరు. పైవరసలో అటొకటీ ఇటొకటీ కోరపళ్ళు కాస్త పొడుగు కాబట్టి 'పళ్ళవాళ్ళు' అనుకుంటారు. ఎవరైనా కొత్తగా పరిచయమైనా, ఏదైనా సంబంధం వచ్చినా, గొంతు తగ్గించి ముందు అడిగేది అదే: "పళ్ళవాళ్ళేనా?"

ఇల్లు వెతుక్కునేటప్పుడు "గాలీ వెలుతురూ రానిది ఏదైనా ఉంటే చూపించండి" అంటే ఇంటాయన ఎగాదిగా చూశాడట. మేడకి వెనకవైపు, మెట్లకింద, రెండు గదులు. ఎవరూ చేరక ఏళ్ళ తరబడి ఖాళీగా పడున్నాయి. అవి చూసి పెళ్ళానికి కళ్ళనీళ్ళు తిరిగాయి, అంత నచ్చాయి. వాళ్ళకి ఎండ పడదు, వెల్లుల్లి పడదు, అద్దంలో పడరు. ఇరుగుపొరుగుతో "మాకు ఎండ పడదండీ" అంటే ఎవరూ మారు ప్రశ్న వెయ్యరు. పైగా తమకేమేం పడవో చెప్పుకుంటూ కూర్చుంటారు. అద్దంతోనే తిప్పలు. లిఫ్టులో అద్దం ఉన్నచోటల్లా ఆయాసపడుతూ మెట్లెక్కుతారు.

పెళ్ళాం ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది. మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ సూదే ఆధారం. ఆయన పనికి బయల్దేరే ముందు ఆవిడ ఎదురుగా నిలబడి పాపిడి సరిచేస్తుంది, కాలరు మడత తీస్తుంది. తను ఎక్కడికైనా బయల్దేరితే "నా మొహం ఎలా ఉంది?" అని అడుగుతుంది. ఆయన "బాగుంది" అంటాడు. పెళ్ళయి ఎన్నేళ్ళయిందో ఇద్దరూ మరిచిపోయారు గానీ ఆ జవాబు మాత్రం మారలేదు. తన మొహం తను ఒక్కసారైనా చూసుకోని ఆడది ఆ ఒక్క మాట పట్టుకుని ఇంతకాలం నెట్టుకొచ్చిందంటే, ఆ మాటని తక్కువగా చూడకూడదు.

పరీక్షలయ్యాక మిగిలిన రక్తం పారబొయ్యడం ల్యాబులో దోమ బాబాయి పనే. పారబోసేదేదో ఫ్లాస్కులో పోసుకుని ఇంటికి తెస్తాడు. అది దొంగతనం కాదా అంటే, కాదని ఆయన నమ్మకం. అడిగినవాళ్ళు కూడా ఎవరూ లేరు. పెళ్ళానికి ఎవరిదైనా ఫరవాలేదు, వేడిగా ఉంటే చాలు. ఆయనకి కొవ్వున్నవాళ్ళది ఇష్టం గానీ పొట్ట ఉబ్బరిస్తోందని మానేశాడు. వాళ్ళమ్మకి మాత్రం షుగరున్నవాళ్ళ రక్తమంటే ప్రాణం. "ఏరా, ఇవాళ తియ్యటిదేమైనా తెచ్చావా?" అని ముసలావిడ గుమ్మంలోనే ఫ్లాస్కు లాక్కుంటుంది.

ఆ మధ్య ఒక పెద్దాయన తరచూ పరీక్షకి వచ్చేవాడు. ఆయనది తెచ్చిన రోజు ముసలావిడ గ్లాసు అడుగున వేలు పెట్టి మరీ నాకేది. "మనిషి కాదురా, తేనెపట్టు" అనేది. తర్వాత ఆయన రావడం మానేశాడు. ఎందుకు మానేశాడో దోమ బాబాయికి తెలుసు. తల్లికి మాత్రం ఊరు మారాడని చెప్పాడు. పోయాడంటే మనిషి కోసం ఒక దిగులు, గ్లాసు కోసం ఒక దిగులు, రెండూ పడుతుందని ఆయన భయం.

వాళ్ళకున్న కట్టడి ఇంకొకటుంది. కథ నడిచేది దానిమీదే కాబట్టి కాస్త చెవి ఇటు పడెయ్యండి. ఇల్లు ఎవరిదో వాళ్ళు నోరు తెరిచి "రండి" అంటే తప్ప పళ్ళవాళ్ళ కాలు గడప దాటదు. ఇదేదో మర్యాద కోసం అనుకునేరు. కాలు లేవదు, అంతే. లోపలికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఇంటివాళ్ళు "వెళ్ళి రండి" అంటే ఆ పిలుపు అలాగే నిలిచి ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ రావచ్చు. ఉత్త "వెళ్ళండి" అన్నారో, తెగిపోతుంది. వాళ్ళు మనసు మార్చుకుని మళ్ళీ పిలిచేదాకా తలుపు బార్లా తెరిచున్నా గోడే.

దోమ బాబాయి తోడల్లుడు ఒకసారి పేకాటలో మాటా మాటా పెరిగి "మీరంతా వెళ్ళండయ్యా" అన్నాడు. ఆయనా పళ్ళవాడే కాబట్టి చావడు, పట్టుదల మనిషి కాబట్టి మాట వెనక్కి తీసుకోడు. అప్పట్నుంచీ అక్కాచెల్లెళ్ళు కిటికీ దగ్గర నిలబడే కష్టసుఖాలు చెప్పుకుంటున్నారు. మధ్యలో రాజ్యాలు పోయాయి, ఊచలు తుప్పుపట్టి కొత్తవి వేశారు, ఆ ఒక్క మాట మాత్రం అలాగే ఉంది.

వీళ్ళ కూతురు ఒక్కతే. సినిమా హాల్లో టికెట్ల కిటికీ వెనక చీకటి గదిలో కూర్చుంటుంది, ఒంటికి సరిపడ్డ ఉద్యోగం. ఒకరోజు తల్లి మిషను పక్కన చేరి దారం చుడుతూ, "నాకొకబ్బాయి నచ్చాడు," అంది.

మిషను ఆగింది. గోడవైపు తిరిగి పడుకున్న ముసలావిడ లేచి కూర్చుంది.

"పళ్ళవాళ్ళేనా?"

"పళ్ళవాళ్ళే నాన్నమ్మా. వాళ్ళ తాత నాటి నుంచీ పళ్ళవాళ్ళే. మా హాలు ఎదురుగానే ఉంటారు."

"హాలు ఎదురుగా మనవాళ్ళున్నారా! ఇన్నాళ్ళూ తెలియనే లేదే," అన్నాడు దోమ బాబాయి.

"అందరికీ కనపడేలా బయటే పెడతారు నాన్నా. దాపరికం లేదు."

"పళ్ళు బయట పెట్టుకునే తిరుగుతారా!" ముసలావిడ మురిసిపోయింది. "అదీ కుటుంబమంటే. మీ నాన్నలాగా నోరు మూసుకుని నవ్వే రకం కాదు."

అబ్బాయికి తండ్రి లేడనీ, తల్లి ఒక్కతే అన్నీ చూసుకుంటుందనీ కూతురు చెప్పింది.

"అయ్యో, ఎండలో పోయాడా?" అంది తల్లి.

"జబ్బు చేసి."

"పళ్ళవాళ్ళకి జబ్బేమిటే?"

దారం ఉండ ఎక్కడికో దొర్లిపోయిందని కూతురు మంచం కింద దూరింది. చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

దోమ బాబాయికి అవేవీ పట్టలేదు. ఆయన బెంగ ఆయనది. "ఆ తల్లి ఎలాంటి మనిషమ్మా? పిలుస్తుందా?" అని అడిగాడు.

"కొంచెం కటువు నాన్నా. అంత తేలిగ్గా మాట ఊడిపడదు."

ఆ రోజు నుంచీ ఆయనకి తిండి సయించలేదు. పిల్ల రేపు ఆ ఇంటి కోడలవుతుంది. ఆ ఇల్లు ఆవిడది. ఆవిడ ఒక్కసారి విసుక్కుని "వెళ్ళండి" అందంటే, కన్నకూతుర్ని ఇక ఊచల్లోంచే చూసుకోవాలి. పళ్ళవాళ్ళ బతుకు చాలా పొడుగు. కిటికీ బయట నిలబడి బతకాల్సి వస్తే అది ఇంకా పొడుగు. తనకేం జరిగినా ఫరవాలేదు, పిల్ల ఇంటి గుమ్మంలోకి మాత్రం వెళ్ళగలగాలని ఆయన కోరిక. ఇంతకన్నా పెద్ద కోరిక ఆయన జీవితంలో ఎన్నడూ కోరలేదు.

బాగా మబ్బు పట్టిన మధ్యాహ్నం చూసుకుని నలుగురూ బయల్దేరారు. "నా మొహం ఎలా ఉంది?" అంది పెళ్ళాం. "బాగుంది," అన్నాడాయన. ముందు జాగ్రత్తగా గొడుగు కూడా తీసుకున్నాడు. కింద పళ్ళకొట్టు, పైన ఇల్లు. వరసలు వరసలుగా పేర్చిన మామిడిపళ్ళనీ ద్రాక్షనీ దాటుకుంటూ మెట్లెక్కినా పెద్దవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అవి తినే అలవాటు లేనివాళ్ళకి కళ్ళెదుట ఉన్నా ఆనవు కదా.

తలుపు తీసింది అబ్బాయి తల్లే. బరువులెత్తి గట్టిపడిన చేతులు, భుజాన తువ్వాలు. "మీరేనా?" అంది. "మేమేనండీ," అన్నాడు దోమ బాబాయి. ఆవిడ వెనుదిరిగి లోపలికి వెళ్ళిపోయింది. నలుగురూ గడప బయట బొమ్మల్లా నిలబడ్డారు. లోపల్నుంచి అబ్బాయి "రండి రండి" అంటున్నాడు, కూతురు అతనికి కళ్ళతో సైగలు చేస్తోంది. ఇల్లు అతనిది కాదు మరి.

కాసేపటికి ఆవిడ తల బయట పెట్టింది. "అక్కడే నిలబడ్డారేం?"

"మీరు పిలుస్తారని..."

"తలుపు తీశాక పిలుపులేంటి? రండి."

అందరి కాళ్ళకీ ఒక్కసారిగా ప్రాణం వచ్చింది.

ముందుగదిలో నాలుగు కుర్చీలు, కింద కొట్లోకి పోవాల్సిన ఖాళీ బుట్టలు, గోడకి ఒక ఫోటో. ముసలావిడ కూర్చుంటూనే గాలి పీల్చి, "ఏదో తెలిసిన వాసనలా ఉందే," అంది. దోమ బాబాయి ఫోటో వంక చూశాడు. చూసి చటుక్కున తల దించుకున్నాడు. తేనెపట్టు పెద్దాయన! ఆ చేతి నరం ఎక్కడుంటుందో చీకట్లో కూడా చెప్పగలడు. ఆయన నూటికి నూరుపాళ్ళూ మనిషి. మరి పళ్ళవాళ్ళంటారేంటి? విషయం పెళ్ళానికి చెబుదామని మోచేత్తో పొడిచాడు. ఆవిడ "జరగండి, ఇరుకుగా ఉంది," అని కుర్చీ దూరంగా లాక్కుంది.

"మీకు ఒక్కడేనా వదినగారూ?" పెళ్ళాం అప్పుడే వరస కలిపేసింది. ఆవిడ మాత్రం వరసల జోలికి రాలేదు.

"ఒక్కడే. చాలడూ? పుట్టినప్పట్నుంచీ నా రక్తం తాగుతున్నాడు."

"కన్నతల్లిదా!" ముసలావిడ కళ్ళు చెమర్చాయి. "ఈ రోజుల్లో ఏ తల్లి ఇస్తోందమ్మా?"

"ఇవ్వకపోతే ఊరుకుంటాడా? వీడు చాలనట్టు కొట్టుకి వచ్చేవాళ్ళు కూడా. ఒక్కొక్కడూ గంటసేపు తాగుతాడు. సాయంత్రానికి ఒంట్లో చుక్క మిగలదు."

"అంతమందికి మీరొక్కరే ఇస్తే ఏమైపోతారు?" పెళ్ళాం కంగారుపడింది. "మా ఆయనతో చెబితే ఫ్లాస్కుతో తెచ్చిస్తారుగా."

"ఏం తెచ్చిస్తారు?" అందావిడ. దోమ బాబాయికి దగ్గు వచ్చింది, ఎంతకీ తగ్గలేదు. ఆవిడ మంచినీళ్ళ కోసమని లేచి, "మాటల్లో పడి మరిచేపోయాను, మా పళ్ళు చూద్దురుగాని. మా పళ్ళంటే ఈ చుట్టుపక్కల పేరు. వెతికినా ఒక్క పుచ్చు దొరకదు," అంటూ లోపల్నుంచి పళ్ళెం తెచ్చింది.

"ముందు మావి చూడు తల్లీ," అని ముసలావిడ నోరు బార్లా తెరిచింది.

పళ్ళెం కిందపడలేదు. ఏళ్ళ తరబడి బుట్టలు మోసిన చేతులు అంత తేలిగ్గా దేన్నీ వదలవు. ఆవిడ ముందుకి వంగి, అటూ ఇటూ చూసి, అలవాటుకొద్దీ "పుచ్చు లేదు," అంది. తర్వాత గానీ మొహంలో రంగు మారలేదు. "ఇవేంటి ఇంత పొడుగున్నాయి?"

"నాన్నమ్మా, నోరు మూసుకో," అంది కూతురు ఏడుపు గొంతుతో. "వాళ్ళు పళ్ళు అమ్మేవాళ్ళు. నేను అబద్ధమేం చెప్పలేదు, పళ్ళవాళ్ళే అన్నాను."

పెళ్ళాం కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ముసలావిడ మాత్రం పళ్ళెంలోకి తొంగిచూసి, "ఓహో, ఈ పళ్ళా!" అంది.

ఇక దాచి లాభం లేదు. దోమ బాబాయి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, తాము ఎవరో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఎవర్నీ కొరకమండీ. ల్యాబులో పారబోసేదే తెచ్చుకుంటాం."

"నాకు తెలుసమ్మా," అన్నాడు అబ్బాయి నసుగుతూ. "తను నాకు ముందే చెప్పింది."

"నీతో తర్వాత మాట్లాడతాను," అని ఆవిడ దోమ బాబాయి వైపు తిరిగింది. "ఏ ల్యాబు?"

"హాలు వెనకదండీ."

"దోమ బాబాయి మీరేనా?"

ఆయన తలూపాడు. ఆవిడ ఫోటో వంక చూసింది, ముసలావిడ వంక చూసింది, మళ్ళీ ఆయన వంక చూసింది. "మా ఆయన మీ చేతికి తప్ప ఇంకెవరికీ చెయ్యి ఇచ్చేవాడు కాదు. అంటే మీరు ఆయనది కూడా..."

అబద్ధం చెబితే సరిపోయేది. ఆ పెద్దాయన ఎదురుగా గోడమీద నవ్వుతున్నాడు, దోమ బాబాయికి నోరు రాలేదు. "తాగామండీ."



"ఎలా ఉండేది?" అందావిడ.

"తియ్యగా ఉండేదండీ. బాగా తియ్యగా. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ."

"ఎండాకాలంలోనా!" ఆవిడ గిర్రున ఫోటో వైపు తిరిగింది. "అంటే మామిడిపళ్ళే! పరీక్ష కాగితం అడిగితే అంతా బాగానే ఉందని దాచేసేవాడివి. ముక్క ముట్టలేదని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశావు కదయ్యా! బుట్టలో రోజూ ఒకటి తగ్గుతుంటే పాపం కూలివాళ్ళని తిట్టాను!" ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. తువ్వాలు తియ్యకుండానే, "సరే. మీరిక వెళ్ళండి," అంది.

వెళ్ళండి అంది. వెళ్ళి రండి అనలేదు.

నలుగురూ మెట్లు దిగారు. కూతురు వెక్కుతోంది. పెళ్ళాం కొంగుతో పిల్ల కళ్ళు తుడుస్తోంది, తన కళ్ళు ఎవరు తుడవాలో తెలియక. కింద చూస్తే మబ్బు విడిపోయి ఎండ ఫెళ్ళున కాస్తోంది. గొడుగు పైనే ఉండిపోయింది. ఆడవాళ్ళని కొట్టు పందిరి నీడలో నిలబెట్టి దోమ బాబాయి మళ్ళీ మెట్లెక్కాడు.

తలుపు తీసే ఉంది. ఆవిడ ఫోటో ఎదురుగా కూర్చుని మామిడిపండు తింటోంది, దాని మీద కసి తీర్చుకుంటున్నట్టు.

"గొడుగండీ," అన్నాడాయన.

"అదిగో, కుర్చీ పక్కన. తీసుకోండి."

ఆయన ప్రయత్నించాడు. కాలు లేవలేదు.

"తీసుకోమన్నానుగా."

"తీసుకోలేనండీ. మీరు వెళ్ళండి అన్నారు." దోమ బాబాయి గడప అవతలే నిలబడి ఆ కట్టడి ఏంటో చెప్పాడు. తోడల్లుడి పేకాట సంగతీ, కిటికీ సంగతీ కూడా చెప్పాడు.

"బేరమాడేవాళ్ళతో రోజంతా అనే మాటండీ అది. నోటికి అదే వస్తుంది," అంది ఆవిడ. టెంక పళ్ళెంలో పెట్టి చెయ్యి తుడుచుకుంది. "మరి ఏమనాలి?"

"అది నేను చెప్పి అనిపించుకోకూడదండీ. మీకు అనిపిస్తేనే."

ఆవిడ ఫోటో వంక చూసింది. తర్వాత ఆయనతో అన్నట్టు కాకుండా అంది: "ఆఖరిసారి ఆసుపత్రికి పోతూ ఈయన అక్కడే, మీరు నిలబడ్డ చోటే నిలబడి, 'వెళ్తున్నా' అన్నాడు. 'వెళ్ళొస్తా' అనవయ్యా అని లోపల్నుంచి అరిచాను. అప్పటికే మెట్లు దిగేస్తున్నాడు. వినపడిందో లేదో."

లేచి, గొడుగు తీసుకుని గడప దగ్గరికొచ్చింది. ఒక కొస ఆయన చేతికిచ్చింది గానీ రెండో కొస వదల్లేదు.

"ఏమని వెళ్తున్నారు?"

"వెళ్ళొస్తానండీ," అన్నాడు దోమ బాబాయి.

"వెళ్ళి రండి అన్నయ్యగారూ," అని ఆవిడ గొడుగు వదిలింది. "వదినగారికీ పిల్లకీ కూడా చెప్పండి, ఇది వాళ్ళిల్లే. పెద్దావిడ మాత్రం కొట్టు ముందు నవ్వకూడదు, బేరాలు పోతాయి."

దోమ బాబాయి కాలు తనంతట తనే గడప దాటింది. లోపల ఒకడుగు వేసి, నిజమేనని చూసుకుని, సిగ్గుపడి మళ్ళీ బయటికొచ్చాడు. మెట్లు ఎలా దిగాడో తెలియదు. పందిరి కింద ఉన్న ముగ్గురికీ సంగతి చెప్పి, గొడుగు వాళ్ళ మీద పట్టి, తను పక్కన నడిచాడు. దారి పొడుగునా ఫెళ్ళున ఎండ. అది తన మీద పడుతోందన్న సంగతి ఇల్లు చేరేదాకా ఆయనకి తట్టనే లేదు.

ఇంటికొచ్చాక మొహమంతా మంట పుట్టింది. చెయ్యి పెడితే పొరలు పొరలుగా ఊడొస్తోంది. ఆయన భయపడి, పెళ్ళాం ఎదురుగా వెళ్ళి నిలబడి, జీవితంలో మొదటిసారి తనే అడిగాడు.

"నా మొహం ఎలా ఉంది?"

కాలిన వంకాయలా ఉన్న ఆ మొహాన్ని ఆవిడ ఈ చెవి నుంచి ఆ చెవిదాకా చూసింది.

"బాగుంది," అంది.